బొంత చెప్పిన చరిత్ర

కర్నూలు జిల్లా పశ్చిమభాగమున మద్దికెర యను గ్రామము కలదు. ఏటేట విజయదశమినాడు ఆ యూర గుఱ్ఱపు పందెములు జరుగును. పూర్వము ఆ ప్రాంతము నేలిన యాదవ పాలెగాండ్ర వంశములవారు తలపాగలు చుట్టి, అలంకరించిన గుఱ్ఱముల నెక్కి పరుగు తీయింతురు. చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చిన జనముతో వీథులు క్రిక్కిఱిసి యుండును. పాలెగాండ్ర యధికారము అంతరించి రెండు వందల యేండ్లు దాటినది. అయినను ఏడాదికొకనాడు ఆ గుఱ్ఱపు డెక్కల చప్పుడులో ఆ యూరివారికి తమ పూర్వులు జ్ఞప్తికి వత్తురు.

ఊరి జ్ఞాపకమును నిలుపునవి ఇట్టి పండుగలు. ఇంటి జ్ఞాపకమును నిలుపునది మఱియొకటి కలదు. అది బొంత. చలికాలపు రాత్రులయందు కప్పుకొను బొంతను మీరందఱును ఎఱుగుదురు. చినిగిన కోకలను, పాతబడిన పంచెలను, పొట్టివైన లంగాలను అవ్వ పాఱవేయదు, మూటగట్టి దాచును. పొలము పనులు లేని దినములలో అరుగుమీద కూర్చుండి, వానిని పొరలుపొరలుగా పఱచి సూదితో కుట్టును. ఇరుగుపొరుగు స్త్రీలును వచ్చి తలయొక అంచు పట్టుదురు. మనుమరాలు ఒక ముక్కపై వ్రేలుంచి, “ఇది యెవరిది, అవ్వా?” అని యడుగును. “అది మీ తాత పంచె, తల్లీ! ఆ యెఱ్ఱముక్క మీ యమ్మ పెండ్లినాటి కోక. ఆ పూలగుడ్డ నీకు కుట్టించిన మొదటి గౌను” అని అవ్వ చెప్పును. తా నెవరి బిడ్డయో, ఎవరి కష్టముచేత పెరిగినదో ఆ బాలిక ఆ బొంతను చూచి తెలిసికొనును. అది యే పుస్తకమునందును లేని చరిత్ర.

ఇపు డొక మాట ఆలోచింపుడు. ఒక స్త్రీని బలవంతముగా పట్టి, ఓడ నెక్కించి, సముద్రము దాటించి, ఎఱుగని దేశమున అమ్మివేసి రనుకొందము. ఆమె వెంట తల్లి కోక రాదు; పుట్టిన యిల్లు రాదు; ఊరి పండుగ రాదు. కొన్నవాడు క్రొత్త పేరు పెట్టును. ఒకటి రెండు తరములలో మాతృభాషయు మఱపున పడును. అట్టి స్త్రీని బిడ్డ “అమ్మా, మన మెవరము?” అని యడిగినచో ఆమె యేమి చెప్పగలదు? ఆఫ్రికాఖండమునుండి చెదరగొట్టబడిన నల్లజాతి స్త్రీల జీవితములలో ఈ ప్రశ్న తరతరములుగా వినబడుచున్నది. దానికి వారు తమ చేతులతో వెదకుకొన్న సమాధానమును గూర్చి యీ పాఠమున తెలిసికొందము.

ఆఫ్రికా దాసులనగానే మనకు అమెరికా తలపునకు వచ్చును. కాని వారు మన దేశమునకును వచ్చిరి. అరబ్బు వర్తకులును, తరువాతి కాలమున పోర్చుగీసువారును తూర్పు ఆఫ్రికా తీరమునుండి మనుష్యులను తెచ్చి పశ్చిమ సముద్రతీరపు రేవులలో అమ్మిరి. నావికులుగను, సైనికులుగను వచ్చినవారును కలరు. అరబ్బీ భాషయందు అబిసీనియాకు హబష్ అని పేరు; అందుచే వారిని హబ్షీలనిరి. వారికి సిద్దీలనియు పేరు కలదు. దక్కను సుల్తానులు వారిలో శూరులను సేనానులుగా చేసిరి. ఇథియోపియాలో పుట్టి, బాల్యముననే దాసుడై చేతులు మాఱిన మాలిక్ అంబర్ అహమ్మదునగర రాజ్యమునకు కర్ణధారి యయ్యెను. 1626లో మరణించువఱకు అతడు మొగలులకు కొఱకరాని కొయ్యయై నిలిచెను.

హబ్షీల జాడ మనకు దూరమున లేదు. మద్దికెరనుండి గుంతకల్లు మీదుగా ఆదోనికి పోయినచో, కొండపై పాతకోటయు, క్రింద పట్టణమున షాహీ జామియా మసీదును కనబడును. ఆ మసీదును కట్టించినవాడు సీదీ మసూద్ ఖాన్ అను హబ్షీ. ఆయన బిజాపూరు సుల్తానుల కొలువున నుండి ఆదోనిని పాలించెను. 1678లో బాలుడైన సుల్తాను పక్షమున బిజాపూరు రాజ్యభారమునే వహించెను. 1683లో ఆ పదవిని విడిచి ఆదోనికి మరలివచ్చెను. 1688లో మొగలు సైన్యము కోటను వశపఱచుకొన్నది. శత్రువులు ఫిరంగులను మసీదువైపు త్రిప్పగా, అది కూలుట చూడలేక ఖాను కోటను అప్పగించెనని యొక కథ కలదు.

ఈ మసూద్ ఖానునకు పిల్లనిచ్చిన మామ సీదీ జౌహర్. ఆయనయు హబ్షీయే. కర్నూలు ఆయన యేలుబడిలో నుండెను. 1660లో పన్హాలా కోటయందు శివాజీని ముట్టడించిన సేనాని ఆయనయే.

విద్యార్థులారా! ఇచట నొక్క క్షణ మాగుడు. జౌహర్ మామ, మసూద్ అల్లుడు. అనగా వీరిరువుర నడుమ ఒక స్త్రీ యున్నది. ఆమె కర్నూలు ప్రభువునకు కూతురు. ఆదోని ప్రభువునకు భార్య. ఆమె పేరేమి? ఆమెను జోలపాడి నిద్రపుచ్చిన తల్లి యెవరు? ఆ జోల ఏ భాషలోనిది? మనము చదువు చరిత్ర పుస్తకములలో ముట్టడి జరిగిన సంవత్సరము కలదు. కోట పేరు కలదు. గెలిచినవాని పేరును, ఓడినవాని పేరును కలవు. ఆమె పేరు మాత్రము కానరాదు. అంతఃపురమునందలి స్త్రీ పేరే నిలువని చోట నీళ్ళు మోసిన దాసి పేరును, ధాన్యము దంచిన దాసి పేరును ఎవరు వ్రాసి యుంచెదరు?

హైదరాబాదునందును ఇట్టిదే మఱియొక జాడ యున్నది. వనపర్తి సంస్థానాధీశుడు పోషించిన ఆఫ్రికా ఆశ్వికదళము పందొమ్మిదవ శతాబ్దమున నిజాము కొలువునకు చేరెను. 1948 తరువాత ఆ దళము రద్దయినది. దళమువారు నివసించిన పేటకు ఏ.సి. గార్డ్సు అను పేరు నేటికిని నిలిచియున్నది. ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్సు అనుదానికి సంక్షిప్తరూప మది. మగవారి కొలువు పేట పేరులోనైన మిగిలినది. వారి తల్లుల యొక్కయు, భార్యల యొక్కయు జ్ఞాపకము ఆ పేరులోను లేదు.

కావున స్త్రీల చరిత్రను తెలియగోరువారు కోటలను, మసీదులను, పేటల పేర్లను దాటి, స్త్రీల చేతిపనులను చూడవలెను. అందుల కొఱకు మన మిపుడు పడమటికి పోవుదము.

గుంతకల్లులో ఎక్కిన రైలు బళ్ళారి, హోసపేట, గదగుల మీదుగా హుబ్బళ్ళి చేరును. అచటినుండి మఱికొంత పడమరగా పోయినచో సహ్యాద్రి యడవులు వచ్చును. ఉత్తర కన్నడ జిల్లాలోని యల్లాపుర, హళియాళ, ముండగోడు ప్రాంతములయందు సిద్దీల పల్లెలు కలవు. పోర్చుగీసువారి గోవానుండి తప్పించుకొనివచ్చిన దాసులును, విడుదల పొందిన దాసులును ఈ యడవులలో తలదాచుకొనిరనియు, వారి సంతతియే తామనియు సిద్దీలు చెప్పుకొందురు. వారిలో హిందువులును, మహమ్మదీయులును, క్రైస్తవులును కలరు. ఇంట కొంకణియు, సంతలో కన్నడమును మాటలాడుదురు. పూర్వుల యాఫ్రికా భాషలు వారి నాలుకపై నిలువలేదు. 2003లో ఆ జిల్లా సిద్దీలను ప్రభుత్వము షెడ్యూల్డు తెగలలో చేర్చినది.

ఆ పల్లెలలోని స్త్రీలును బొంతలు కుట్టుదురు. ఉత్తర కర్ణాటకమున బొంతను కౌది యందురు. సిద్దీ స్త్రీలు తమ బొంతను కవంది యందురు. వారు కుట్టు విధానము చూడదగినది. మొదట ఒక పాతచీరను అడుగున పఱతురు. ఒక మూలనుండి ఆరంభించి, అంచు వెంబడి ముక్క ప్రక్క ముక్క చేర్చుచు, దారపు వరుసలతో చుట్టుచుట్టుగా లోపలికి వత్తురు. కుట్టు నడుమకు చేరిననాడు బొంత పూర్తియగును. ముందుగా గీచుకొన్న చిత్తరువు లేదు, కొలబద్ద లేదు. చేతికి దొరకిన ముక్కయు, కంటికి నచ్చిన రంగును వారికి ఆధారములు. పసిపిల్లలకు చిన్న బొంతలును, కుటుంబమంతయు పండుకొనుటకు పెద్ద బొంతలును కుట్టుదురు.

అంతటితో పని ముగియదు. గుడ్డను మడచి మడచి చిన్న త్రికోణములుగా చేసి, నాలుగు మూలలయందును పువ్వులవలె కుట్టుదురు. ఆ పువ్వులు లేని బొంత దిగంబరమైనదని వారి భావము. ఆ పువ్వుల వలన బొంతకు వెచ్చదన మేమియు హెచ్చదు. కూలికి పోయివచ్చి, దీపపు వెలుగున కుట్టు స్త్రీకి ఆ పువ్వులు అదనపు శ్రమయే. అయినను ఆమె వానిని మానదు. చినిగిన గుడ్డలతో చేసినదైనను తన బిడ్డ కప్పుకొను బొంత అందముగా నుండవలెనని ఆమె పట్టుదల. బీదతనము ఆమె బట్టను చింపగలిగెను గాని, ఆమె యభిమానమును చింపలేకపోయెను.

ఆ బొంతలలో కొన్నింటియందు క్రైస్తవ స్త్రీలు శిలువను, మహమ్మదీయ స్త్రీలు నెలవంకను కుట్టుదురు. గుర్తులు వేఱైనను కుట్టు ఒక్కటియే. ఎవరి కుట్టో, ఎవరి పువ్వో చూచి తెలిసికొనగల నేర్పు ఆ స్త్రీలకు కలదు. 2004లో వారిలో కొందఱు బొంతల సహకార సంఘమును ఏర్పఱచుకొనిరి. హెన్రీ డ్రూవాల్ అను అమెరికా పండితుడు అందులకు తోడ్పడెను. అడవిపల్లెలో కప్పుకొనుటకు కుట్టిన బొంతలు సముద్రము దాటి ప్రదర్శనశాలల గోడలనెక్కినవి. ఒకప్పుడు పూర్వులను బంధించి తెచ్చిన సముద్రమునే మనుమరాండ్ర చేతిపని గౌరవముతో దాటినది.

ఇక ఆ సముద్రముల కావలనున్న మఱియొక పల్లెను చూతము. అమెరికా సంయుక్త రాష్ట్రములయందు అలబామా యను రాష్ట్రము కలదు. అచట అలబామా నది పెద్ద వంపు తిరిగినచోట జీస్ బెండ్ అను పల్లె యున్నది. పూర్వము అది దాసులచేత సాగుచేయించిన ప్రత్తితోట. ప్రత్తి విపణికి పేరొందిన ఆదోని ప్రాంతపు బాలలకు ప్రత్తి యేరుట యెంత నడుము నొచ్చు పనియో చెప్పనక్కఱలేదు. ఆ పనిని కూలి లేక, సెలవు లేక, పాఱిపోవుటకు వీలులేక చేసినవారి బ్రతుకును ఊహించుకొనుడు. తోట యజమాని యింటిపేరు పెట్‌వే. దాసులకును ఆ పేరే అంటుకొన్నది. 1865లో అమెరికాలో దాస్యము రద్దయినది. యజమాని పోయెను, సంకెళ్ళు పోయెను. ఇంటిపేరు మాత్రము మిగిలినది. నేటికిని ఆ పల్లెలో ఎందఱో పెట్‌వేలు కలరు.

1942లో ఆ పల్లెయందు మిస్సోరీ పెట్‌వే యను నామె భర్తను పోగొట్టుకొనెను. అతడు పొలములో తొడిగి తొడిగి అరిగిన లాగులను, వెలిసిన చొక్కాలను ఆమె విప్పి ముక్కలు చేసెను. ఆ పనికి కూతురిని తోడు పిలిచెను. భర్తను తలచుకొనుటకును, అతని ప్రేమను కప్పుకొనుటకును ఆ గుడ్డలతో బొంత కుట్టుకొందునని ఆమె కూతురితో చెప్పెను. ఆ బొంతలో నేటికిని మఱకలును, వెలిసిన చోట్లును కనబడును. అవి లోపములు కావు. ఒక కష్టజీవి నడచిన యడుగుజాడలు. కట్టబెట్టిన యింటిపేరు యజమానిది కావచ్చును గాని, ఆ బొంతలోని ప్రతి ముక్కయు ఆ కుటుంబము సొంతము.

ఆ స్త్రీలకు బొంతయే సంఘమయ్యెను. వారు ఒకరి యింట నొకరు చేరి కుట్టుచు పాడుకొనిరి, కష్టసుఖములు చెప్పుకొనిరి. 1960ల నాటికి నల్లవారు ఓటుహక్కు కొఱకు పోరాడుచుండిరి. పేర్లు నమోదు చేయించుకొనుటకు వారు నది దాటి పట్టణమునకు పోవలసి యుండెను. 1962లో అధికారులు ఆ రేవున పడవను నిలిపివేసిరి. 2006వఱకును ఆ పడవ మరల నడువలేదు. అయినను ఆ ప్రాంతపు స్త్రీలు వెనుదీయలేదు. 1966లో బొంతలు కుట్టు సంఘమును స్థాపించి, తమ చేతిపనితో తామే ధనము సంపాదించుకొనిరి. 2002లో హ్యూస్టన్ నగరపు చిత్రశాలలో వారి బొంతలను ప్రదర్శించిరి. 2006లో అమెరికా తపాలాశాఖవారు ఆ బొంతల చిత్రములను తపాలాబిళ్ళలపై ముద్రించిరి.

యల్లాపురపు కవందికిని, జీస్ బెండ్ బొంతకును పోలికను చూచి, రెండును ఒకే మూలమునుండి పుట్టినవని తొందరపడి నిశ్చయింపరాదు. ఒకరు తూర్పు ఆఫ్రికానుండి హిందూ మహాసముద్రము మీదుగా తేబడిరి. మఱియొకరు అట్లాంటిక్ మహాసముద్రము మీదుగా తేబడిరి. వారు ఒకరినొకరు ఎఱుగరు. మద్దికెర అవ్వ వారి నెవరిని ఎఱుగదు. చలి, బీదతనము, బిడ్డలపై ప్రేమ అను మూడును ఎచట కలసియుండునో అచట బొంత పుట్టును. అయితే ఒక భేదము కలదు. మన యవ్వ చేతిలో ఊరు, భాష, ఇంటిపేరు, కులదైవము అన్నియు ఉన్నవి. వానికి తోడు బొంతయు ఉన్నది. ఆ స్త్రీలకు తక్కినవన్నియు పోయి, చేతిపనియు పాటయు మాత్రమే మిగిలినవి. అందువలననే వారు వానిని అంత గట్టిగా పట్టుకొనిరి.

పాట మాట చెప్పితిమి కావున గుజరాతు సిద్దీలను గూడ తలచుకొనవలెను. అచటి రతన్‌పూరునందు బావా గోరు అను మహాత్ముని దర్గా కలదు. సిద్దీలు ఆయనను తమ పూర్వుడుగా భావింతురు. ఆయనతోపాటు ఆయన సోదరి మాయీ మిస్రాను గూడ పూజింతురు. చరిత్ర స్త్రీలను మఱచినను, ఆ జనుల భక్తి ఒక స్త్రీని మఱవలేదు. అచట డప్పులతో చేయు నృత్యమునకు గోమా యని పేరు. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషలో డప్పును న్గోమా యందురు. భాష యంతయు పోయినను ఒక్క మాట డప్పును పట్టుకొని సముద్రము దాటి నిలిచినది!

ఆ రాష్ట్రమునందే జంబూరు అను సిద్దీల గ్రామము కలదు. హీర్‌బాయి ఇబ్రహీం లోబీ యను నామె ఆ యూరివారు. బాల్యముననే తలిదండ్రులను కోల్పోగా అవ్వ ఆమెను పెంచెను. ఆమె రేడియో విని సేద్యపు మెలకువలను నేర్చుకొనెను. సేంద్రియ యెరువు తయారుచేయుట తోడి స్త్రీలకు నేర్పెను. వారిని సంఘముగా కూర్చి, పైసా పైసా పొదుపు చేయించి, పిల్లల చదువునకు బాట వేసెను. 2023లో భారత ప్రభుత్వ మామెకు పద్మశ్రీ బిరుదము నొసగెను. పేరు వ్రాయబడని యా కర్నూలు ప్రభువు కూతురికిని, దేశమంతట పేరు మాఱుమ్రోగిన యీ హీర్‌బాయికిని నడుమ మూడు వందల యేండ్లకు పైబడిన కాలము కలదు.

ఇట్టి సిద్దీ స్త్రీని మన రైలులోనో, సంతలోనో చూచినవారు కొందఱు “మీది యే దేశము?” అని యడుగుదురు. ఆమె తాతముత్తాతలు ఇచటనే పుట్టి, ఇచటనే మట్టిలో కలసిరి. ఆమె మాటలాడునది మన దేశభాష. వేయునది మన దేశపు ఓటు. అయినను దేహచ్ఛాయను, ఉంగరముల జుట్టును చూచి ఆమెను పరాయిదానినిగా చేయుదురు. అడిగినవానికి అది వేడుక. దినదినము వినువారికి అది ములుకు. నలుపును చూచి నవ్వుట మనకు తగునా? ద్రౌపదికి కృష్ణ యను పేరు ఆమె మేనిచాయ వలననే కలిగినది. మన పశ్చిమ కర్నూలున తెల్లని ప్రత్తి పండునది నల్లరేగడిలోనే. తరగతిలో తోటి బాలికను రంగును బట్టి వెక్కిరించు నోరు తన తల్లినేలనే వెక్కిరించుచున్నదని తెలియవలెను.

“మన మెవరము?” అని బిడ్డ యడిగిన ప్రశ్నకు ఆ స్త్రీలు చెప్పిన సమాధాన మిది. మన పూర్వులు ఆవలి తీరమువారు, మనము ఈ తీరమువారము, రెండును నిజమే. చినిగిన ముక్కలు కలసి బొంతయైనట్లు, తెగిన బ్రతుకులును కలసి ఒక సంఘ మగును. ముక్క తన రంగును విడువ నక్కఱలేదు. ప్రక్క ముక్కను వదలను అక్కఱలేదు.

మీ యింటి బొంతను ఈ రాత్రి కప్పుకొనుటకు ముందు దీపము కడ నొకసారి పఱచి చూడుడు. ఏ ముక్క యెవరిదో అవ్వ నడుగుడు. అవ్వ తల్లి పేరును, ఆమె తల్లి పేరును గూడ అడిగి, ఒక కాగితముపై వ్రాసికొనుడు. తాతల పేర్లు చెప్పగలిగిన మనలో ముత్తవ్వ పేరు చెప్పగలిగిన వారెందఱు? ఆ పేరు మీరు వ్రాసినచో అది నిలుచును. వ్రాయనిచో ఆదోని ప్రభువు భార్య పేరువలె అదియు కాలములో కలసిపోవును.

ప్రశ్నలు

1. మద్దికెర గుఱ్ఱపు పందెములును, అవ్వ కుట్టిన బొంతయు దేనిని నిలుపుచున్నవి?

2. ఆదోనికిని, హబ్షీలకును గల సంబంధమును వివరింపుడు.

3. కవంది మూలలయందు పువ్వులు లేనిచో ఆ బొంతను సిద్దీ స్త్రీలు ఎట్లు భావింతురు? దాని వలన వారి స్వభావమును గూర్చి మనకేమి తెలియును?

4. మిస్సోరీ పెట్‌వే తన భర్త బట్టలతో బొంత ఎందులకు కుట్టెను?

5. “అడిగినవానికి అది వేడుక, దినదినము వినువారికి అది ములుకు” — ఈ వాక్యమును సందర్భ సహితముగా వ్రాయుడు.

6. మీ యింటి పెద్దల నడిగి, మీ ముత్తవ్వను గూర్చి పది వాక్యములు వ్రాయుడు.